అరువు గుండె

పోయినవారం భాగంలో కోడలిని ఆస్పత్రి మెట్ల మీద, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, గోడకి జారగిలబడి కూర్చుని ఉండగా వదిలాం. ఆరో నెల కడుపు. పద్నాలుగు మెట్లెక్కేసరికే రొప్పు. కాన్పుల డాక్టరు ఆమె గుండె మీద గొట్టం పెట్టి విని, ముఖం చిట్లించి, "ముందు పైనున్న గుండె డాక్టరుకి చూపించుకుని రా. ఇవాళే" అని పంపింది. పైమెట్టు మీద నిలబడి అత్తగారు ఎదురుచూస్తోంది. ఆవిడ చంకలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో మూడేళ్ళ కిందటి పరీక్ష కాగితాలు రెండు. ఆ కవరు బస్సులోనైనా మర్చిపోతే బాగుండునని కోడలు ఇంటి దగ్గర్నుంచీ కోరుకుంటూనే ఉంది. అత్తగారు మర్చిపోయే మనిషి కాదు.

"లేస్తావా, మోసుకెళ్ళమంటావా?" అంది అత్తగారు.

"వస్తున్నా అత్తయ్యా."

"నేను తొమ్మిదో నెలలో కూడా మిల్లులో పత్తి ఊడ్చాను. మీ ఆయన చీపురు పట్టుకునే పుట్టాడని అప్పట్లో నవ్వుకునేవాళ్ళు."

కోడలు నవ్వబోయింది. నవ్వుకీ ఊపిరి కావాలి. ఊరుకుంది.

పరీక్ష గది చీకటిగా, చల్లగా ఉంది. పైబట్టలు తీసి గౌను తొడుక్కోమన్నారు. లోపలి బాడీకి హుక్కు ఊడిపోతే పిన్నీసు పెట్టుకుంది కోడలు. ఆ పిన్నీసు పరీక్ష చేసే అమ్మాయి కంట పడకుండా బట్ట ఉండచుట్టి తలగడ కింద దోపింది. దాచాల్సినవాటిల్లో అదే అన్నిటికన్నా చిన్నది.

ఎడమపక్కకి తిరిగి పడుకుంటే ఆ అమ్మాయి గుండె మీద చల్లటి జిగురు రాసి, యంత్రం మొన ఆనించింది. తెర మీద బూడిదరంగులో ఏదో కొట్టుకుంటోంది. "మొదటి కాన్పా? ఆడపిల్ల కావాలా, మగపిల్లాడా? నీ గాజులు యంత్రానికి తగుల్తున్నాయి, చెయ్యి పైకి పెట్టు" అంటూ గలగలా మాట్లాడుతున్న పిల్ల, ఒక్కసారిగా మాట మానేసింది. మొన అక్కడే నొక్కిపెట్టి, బొమ్మ ఆపి, గీతలు గీసి కొలిచింది. మళ్ళీ కొలిచింది. చివరికి కాగితం గుడ్డ చేతికిచ్చి, "తుడుచుకో అక్కా" అంది. ఆ 'అక్కా' అంతకుముందు లేదు.

గుండె డాక్టరమ్మ పొట్టి మనిషి. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని బల్లంతా వెతుక్కుంటోంది. బల్ల మీద ప్లాస్టిక్ గుండె బొమ్మ ఒకటుంది, పైభాగం ఊడితే టేపు అంటించారు. అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. కోడలు గుండ్రటి స్టూలు మీద కూర్చుంది.

"పడుకుంటే ఆయాసం వస్తుందా?"

"కొంచెం."

"ఎన్ని దిండ్లు పెట్టుకుంటావు?"

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "మూడు! రాణీగారికి మూడు దిండ్లు కావాలి డాక్టరమ్మా. నా దిండు కూడా పట్టుకుపోయింది. నేను చెయ్యి మడిచి పెట్టుకుని పడుకుంటున్నా. సుఖానికి అలవాటు పడితే ఒళ్ళు అంతే మరి."

డాక్టరమ్మ కళ్ళజోడు దొరికింది. దాన్ని ముక్కు మీదికి లాక్కుని అత్తగారి వైపు చూసింది. "సుఖం కాదు పెద్దమ్మా. వెల్లకిలా పడుకుంటే ఈ అమ్మాయి ఊపిరితిత్తుల్లోకి నీరు ఎక్కుతోంది. మూడు దిండ్లు పెట్టుకుంది కాబట్టే పొద్దున లేస్తోంది."

అత్తగారు కవరు ఒళ్ళో సర్దుకుంది.

"చూడమ్మా," అని ప్లాస్టిక్ గుండె చేతిలోకి తీసుకుంది డాక్టరమ్మ. "గుండెలో నాలుగు తలుపులుంటాయి. ఇదుగో, ఈ తలుపు రెండు వేళ్ళు పట్టేటంత తెరుచుకోవాలి. నీకు చిటికెనవేలు దూరడమే కష్టంగా ఉంది. మామూలప్పుడైతే ఎలాగో నెట్టుకొచ్చావు. ఇప్పుడు బిడ్డ కోసం ఒంట్లో రక్తం ఒకటిన్నర రెట్లయింది. అంత రక్తం ఆ సందులోంచి పోవాలి. పోలేక వెనక్కి తంతోంది. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చిందా?"

"లేదండీ," అంది కోడలు.

తడుముకోలేదు. మిల్లులో చేరేటప్పుడు అడిగారు, లేదంది. పెళ్ళిమాటల్లో అడిగారు, లేదంది. కడుపు నిలిచాక కాన్పుల డాక్టరు అడిగింది, లేదంది. పదేళ్ళ వయసులో మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచి రెండు నెలలు మంచం మీద ఉండటం గానీ, మూడు వారాలకోసారి పిర్ర మీద సూది వేయించుకోవడం గానీ, పదిహేడో ఏట విసిగిపోయి ఆ సూదులు మానెయ్యడం గానీ, "నీకు కడుపొస్తే ముందు గుండె చూపించుకో తల్లీ" అని అప్పటి డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పడం గానీ, ఏవీ ఆ 'లేదు' ముందు నిలబడలేదు.

అప్పుడే అత్తగారు కవరు విప్పింది.

"ఇదుగో డాక్టరమ్మా. నేను చదువుకోలేదు గానీ కాగితం విలువ తెలుసు. మిల్లులో చేరేముందు తీసిన గుండె పరీక్షలు ఇవి. స్కానింగూ, గీతల కాగితమూ. అంతా బ్రహ్మాండంగా ఉందని ముద్ర వేసిచ్చారు. ఇవి చూసుకునే నేను మావాడికి చేసుకున్నాను. మా ఇంటికి వచ్చేనాటికి పిల్ల గుండ్రాయిలా ఉంది. రేపు ఎవరైనా అత్త తిండి పెట్టక ఇలా చేసిందంటే నేను ఊరుకోను, ఆఁ!"

డాక్టరమ్మ కాగితం చదివింది. ఇవాళ్టి కాగితం పక్కన పెట్టి మళ్ళీ చదివింది. తిరగేసి తేదీ చూసింది.

"మూడేళ్ళ కింద ఈ తలుపు కొత్తదానిలా ఉంది. ఇవాళ సున్నం పేరుకుని బిగిసిపోయి ఉంది. కీళ్ళజ్వరం వల్ల ఇలా అవడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. మూడేళ్ళలో జరగదు." వేలితో బల్ల మీద కొట్టింది. "జరిగిందంటే రక్తంలో ఏదో విషక్రిమి చేరి తలుపుని తినేస్తూ ఉండాలి. అదే నిజమైతే నాకు టైము లేదు. ఇప్పుడే చేర్చుకోవాలి. గొంతులోంచి గొట్టం దింపి చూడాలి. ఆరు వారాలు నరంలోకి ఘాటైన మందులు ఎక్కించాలి."

"బిడ్డకీ?" అంది కోడలు.

"బిడ్డకి మంచివని చెప్పను. కానీ తల్లి ఉంటేనే కదా బిడ్డ." ఆగి, కోడలి ముఖంలోకి చూసింది. "పెద్దమ్మా, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

"ఎందుకూ? నా ముందు చెప్పలేని మాట మా ఇంట్లో లేదు," అంది అత్తగారు, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని.

తప్పించుకునే సందు అదొక్కటే ఉండేది, అదీ మూసుకుపోయింది. తేలు కుట్టిన దొంగలా కోడలు తల వంచుకుని కాళ్ళ చెప్పుల వంక చూస్తోంది. డాక్టరమ్మ నిట్టూర్చి కాగితాల పుస్తకం లాక్కుని రాయడం మొదలుపెట్టింది. వార్డు నంబరు. గొట్టం పరీక్ష. ఒక మందు పేరు. దాని కింద రెండో మందు పేరు. ఒక్కో అక్షరం నరంలోకి దిగుతున్నట్టే ఉంది కోడలికి. కడుపులో బిడ్డ కుడివైపు నుంచి ఎడమవైపుకి ఒత్తిగిలింది. ఇరుకింట్లో పడుకున్నవాళ్ళు చప్పుడు కాకుండా ఒత్తిగిలినట్టు.

మూడో పేరు దగ్గర కోడలు చెయ్యి చాచి ఆ కాగితం మీద పెట్టేసింది.

"రాయకండి. ఆ కాగితాలు నావి కావు."

"ఏమిటి?" అంది అత్తగారు.

"కీళ్ళజ్వరం వచ్చిందండీ. పదో ఏట. సూదులు కూడా వేశారు. నేనే మానేశాను." నేలని చూస్తూనే చెబుతోంది, అప్పగించిన పాఠం ఒప్పజెప్పినట్టు. "మిల్లులో ఈ పరీక్ష నెగ్గితేనే ఉద్యోగమన్నారు. నేను వెళ్తే నెగ్గనని తెలుసు. అందుకని... నా చీటీ మీద వేరే మనిషి వెళ్ళింది."

ఎంత సులువుగా జరిగిందో తలుచుకుంటే ఆమెకే నమ్మకం కలగదు. చీటీ మీద ఫొటో లేదు. నంబరే ఉంది. తనతోపాటు అదే రోజు ఉద్యోగానికి వచ్చిన స్నేహితురాలు పొద్దున తన చీటీతో వెళ్ళి పరీక్ష చేయించుకుంది. తిండివేళ దాటాక జుట్టు విప్పి, రెండు జడలు వేసుకుని, కోడలి చున్నీ కప్పుకుని ఇంకో చీటీతో వెళ్ళింది. పరీక్ష చేసేవాడు తలెత్తి కూడా చూడలేదట. బయటికి వచ్చి, "ఒసేయ్, ఇవాళ నా గుండె రెండు షిఫ్టులు చేసింది. ఓవర్‌టైము నువ్వివ్వాలి" అంటూ పడీపడీ నవ్వింది. ఆ రాత్రి కోడలి అద్దెగదిలో ఇద్దరూ ఒకే దుప్పట్లో నవ్వుకున్నారు. ఒక్క గుండెతో రెండు ఉద్యోగాలు.

డాక్టరమ్మ కలం మూతపెట్టింది. రాసిన కాగితం చింపి బుట్టలో వేసింది. కోప్పడుతుందనుకుంది కోడలు. కోప్పడితే బాగుండేది కూడా.

"నీ అబద్ధానికి నేను మందు రాయబోయాను, తెలుసా?" అంది నెమ్మదిగా. "మంచిపని చేశావు. ఇప్పుడు దారి వేరు. తొడ దగ్గర నరంలోంచి సన్నటి బుడగని గుండెదాకా పంపి, తలుపు దగ్గర ఊది, సందు పెద్దది చేస్తాం. కడుపు మీద సీసపు గుడ్డ కప్పి చేస్తాం. బిడ్డని నిలుపుకోవడానికి మంచి అవకాశం ఉంది."

మంచి అవకాశం! ఆ మాట వినగానే కోడలి కళ్ళు నిండాయి. కానీ ఏడవడానికి వీలు చిక్కలేదు. పక్కనుంచి అత్తగారి గొంతు లేచింది.

"అంటే నన్ను మోసం చేశారన్నమాట. ఊళ్ళో పదిమందికి చూపించానే ఈ కాగితాన్ని! మా కోడలికి గుండె మీద గవర్నమెంటు ముద్ర ఉందని చెప్పుకున్నానే! సరే, నీకు ఆకలి, ఉద్యోగం కావాలి, అబద్ధమాడావు. నీ పక్కన నిలబడిందే, దాన్ననాలి! ఎవర్తె అది? తన గుండెని అద్దెకిచ్చిన సిగ్గుమాలింది ఎవర్తె? దాన్ని కాదు, అలాంటిదాన్ని కని, పెంచి, ఊరి మీదికి వదిలిన తల్లిని అనాలి ముందు. ఆ తల్లి కనబడితే నడిబజారులో నిలబెట్టి కడిగేద్దును!"

కోడలు పెదవి కొరుక్కుంది. అత్తగారు తిడుతున్న కొద్దీ ఆ తిట్లన్నీ తిరిగి ఆవిడ ఒళ్ళోనే పడుతున్నాయి. ఆ సంగతి గదిలో ఒక్క కోడలికే తెలుసు. ఆపమనడానికి నోరు రాదు. ఆపకుండా వినడం అంతకన్నా పాపం.

"తెలిసినామె," అంది గొణుగుతూ.

"పేరు లేదా తెలిసినామెకి?"

ఈలోగా డాక్టరమ్మ రెండో కాగితం, ఆ గులాబీరంగు గీతల పట్టీ, చేతిలోకి తీసుకుంది. ఇందాక దాన్ని పైపైన చూసి వదిలేసింది. ఇప్పుడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో పట్టుకుంది. సొరుగులోంచి స్కేలు తీసి గడులు లెక్కపెట్టింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"ఇది ఎవరి గుండె?" అంది వెనక్కి తిరక్కుండానే.

"ఎందుకండీ?"

"స్కానింగులో తలుపులన్నీ బాగానే ఉన్నాయి. కానీ గుండె కొట్టుకోవడానికి కరెంటు లాంటిది ఒకటి నడుస్తుంది. ఈ మనిషికి ఆ కరెంటు ప్రతి దెబ్బకీ ఆలస్యంగా చల్లారుతోంది. ముద్ర వేసినవాడు చూడలేదు. ఇలాంటివాళ్ళు చూడ్డానికి గుర్రంలా ఉంటారు. పరిగెత్తినప్పుడో, ఉలిక్కిపడినప్పుడో ఉన్నట్టుండి కూలబడతారు. కొందరు లేస్తారు. కొందరు లేవరు." ఇటు తిరిగింది. "అమ్మాయ్, ఇది కోర్టు కాదు. ఈమె ఎవరో నాకు కావాలి."

మూడేళ్ళుగా కోడలు పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఈ నిమిషం ఒక ఎత్తు. తన గుట్టు తను విప్పుకోవచ్చు. తన కోసం గుండె పరిచినదాని గుట్టు విప్పాలి, అదీ దాని తల్లి ముందు. ఈ తిట్లన్నీ తిట్టాక.

"అత్తయ్యా," అంది. "మనమ్మాయే."

అత్తగారికి అర్థం కాలేదు. "ఏ మనమ్మాయి?"

"మీ అమ్మాయి. నా నంబరు నాలుగు వందల పదిహేడు, తనది పదహారు. ఇద్దరి కాగితాల్లోనూ ఉన్నది తన గుండే."

అత్తగారు కవరు వంక చూసింది. దాన్ని మడిచింది. ఇంకో మడత పెట్టింది. మడిచేందుకు ఇక ఏమీ మిగలనంత చిన్నదయ్యేదాకా మడుస్తూనే ఉంది.

డాక్టరమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. "పెద్దమ్మా, మీ అమ్మాయి ఎప్పుడైనా స్పృహతప్పి పడిపోయిందా?"

"లేదు," అంది అత్తగారు.

తడుముకోలేదు. కోడలు తలెత్తి చూసింది. ఆ 'లేదు' ఆమెకి బాగా తెలిసిన 'లేదు'. మూడేళ్ళుగా తను అంటున్నది అదే. అత్తగారూ కోడలి కళ్ళలోకి చూసింది.

"మూడుసార్లు," అంది. "బడిలో పరుగుపందెంలో ఒకసారి. వెనకనుంచి లారీ హారను కొడితే ఒకసారి. పోయినేడు మెట్ల మీద బకెట్టు మోస్తూ... నీళ్ళు చల్లితే లేచింది. తిండి తినక కళ్ళు తిరిగాయని అందరికీ చెప్పాను. సంబంధాలు చూస్తున్నాం కదమ్మా. పడిపోయే పిల్లంటే ఎవరు చేసుకుంటారు? వచ్చే నెల మాట ఖాయం చేసుకుందామని మగపెళ్ళివాళ్ళు కబురంపారు. వాళ్ళ దగ్గరా చెప్పలేదు. దానిక్కూడా గట్టిగా చెప్పాను, ఎవరితోనూ అనకని."

ఇందాక ఎవరో తల్లిని కడిగేస్తానన్న నోరు, ఇప్పుడు కొంగులో దాక్కుంది.

"ఇప్పుడెక్కడుంది?"

"మిల్లులో. మొదటి షిఫ్టు," అంది కోడలు. "రింగు ఫ్రేముల మీద."

అక్కడి పని డాక్టరమ్మకి ఆమే చెప్పింది. వరసకి వెయ్యి దారపు కండెలు గిర్రున తిరుగుతుంటాయి. ఎక్కడ దారం తెగితే అక్కడికి పరిగెత్తి, తిరుగుతుండగానే అతకాలి. ఎనిమిది గంటలూ పరుగే. ఆడపడుచుని మిల్లులో అందరూ తూనీగ అంటారు, అంత చురుకు. ఆ సందులో పక్కకి ఒరిగితే రెండువైపులా యంత్రాలే.

"యంత్రం దగ్గర్నుంచి తప్పించండి. నడిపించి తీసుకురండి, పరుగు వద్దు. గాభరా పెట్టొద్దు," అంది డాక్టరమ్మ.

కూతురి ఫోను మోగి మోగి ఆగింది. ఫోన్లు గేటు దగ్గర అరల్లో పెట్టి తాళం వేయాలి, అది రూలు. అత్తగారు మిల్లులో హాజరు రాసే టైమాఫీసుకి ఫోను చేసింది. ముప్పయ్యేళ్ళ పనిలో కంఠతా వచ్చిన నంబరు. స్పీకరు నొక్కింది. వెనకనుంచి ఫ్రేముల హోరు గదంతా నిండింది.

"ఎవరూ? ఓహో, చీపురక్కా! రిటైరయ్యాక మమ్మల్ని ఊడ్చేశావనుకున్నాం!" అన్నాడు టైమాఫీసు గుమస్తా.

"అబ్బాయ్, మా పిల్లని బయటికి పంపు. నాకు ప్రాణం మీదికి వచ్చిందని చెప్పి..."

డాక్టరమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "అలా చెబితే పరిగెత్తుకొస్తుంది!"

ఇన్నేళ్ళలో ఏ ఇరకాటానికైనా ఒక అబద్ధం అక్కరకొచ్చింది. ఈ ఒక్కదానికీ పనికిరాలేదు.

"ఏ కారణం రాయమంటావక్కా?" అంటున్నాడు గుమస్తా. "కొత్త సూపర్వైజరు చండశాసనుడు. పుస్తకంలో కారణం లేందే షిఫ్టు మధ్యలో చీమని కూడా కదలనివ్వడు."

నిజం చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. మిల్లు నోరు ఊరి నోరు. సాయంత్రానికల్లా పెళ్ళివారి చెవిన పడుతుంది. అత్తగారికి ఇదంతా ఒకరు చెప్పక్కర్లేదు. ఫోను గుండెలకి ఆనించుకుని కోడలి వంక చూసింది. తర్వాత ఆ ఫోను ఆమె చేతిలో పెట్టింది. "నువ్వు చెప్పు తల్లీ. నాకు నోరు రావడం లేదు."

తల్లీ అనడం అదే మొదటిసారి.

"రాసుకోండి," అంది కోడలు. ఊపిరి చాలక మాట మాటకీ ఆగుతోంది. "నా నంబరు నాలుగు వందల పదిహేడు. మీ ఫైల్లో ఆ నంబరు మీద ఉన్న గుండె నాది కాదు. నాలుగు వందల పదహారుది. ఆ గుండెకి జబ్బుంది. నేను చేయించిన మోసం ఇది. తనకి వేరే ఏమీ చెప్పకండి, ఫ్రేము దగ్గర్నుంచి నెమ్మదిగా పిలిచి కూర్చోబెట్టండి. చాలు."

హోరు మాత్రమే వినిపిస్తోంది.

ఉన్నట్టుండి ఆ హోరు తగ్గింది. తగ్గి, తగ్గి, పూర్తిగా ఆగిపోయింది.

అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడింది. ముప్పయ్యేళ్ళలో షిఫ్టు మధ్యన ఆ హోరు ఆగడం ఆవిడ విన్నది రెండే రెండు సందర్భాల్లో. కరెంటు పోయినప్పుడు. మనిషి పడినప్పుడు.

"అదేమిటి, అన్నీ ఆపేశారు?" ఫోనులో గుమస్తా గొంతు ఎవరినో అడుగుతోంది. "లైట్లు వెలుగుతూనే ఉన్నాయి కదా..."